వాణిజ్య ప్రాంగణాల్లో నీటి లీకేజీ: గుర్తింపు, మరమ్మతు, బాధ్యత, బీమా

ఉదయం షట్టరు ఎత్తగానే నేలమీద నీరు, పైకప్పుపై పసుపు మరక, అడుగు వరసలో మెత్తబడిన అట్టపెట్టెలు. దుకాణాలు, కార్యాలయాలు, గోదాములు నడిపేవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. నీటిని తుడిచి, మరకపై సున్నం వేసి, మళ్లీ వ్యాపారంలో పడిపోవడమే సాధారణంగా జరుగుతుంది. కొన్ని నెలల తరువాత అదే చోట పెచ్చు ఊడిపడినప్పుడో, సరుకు మొత్తం తడిసినప్పుడో సమస్య మళ్లీ గుర్తుకొస్తుంది. అప్పటికి భవన యజమాని బాధ్యత తనది కాదంటాడు, పై అంతస్తువారు తమకు తెలియదంటారు, బీమా సంస్థ ఇది పాత సమస్య అంటుంది.

వాడుకలో వీటన్నింటినీ ‘లీకు’ అనే ఒక్క మాటతోనే పిలుస్తాం. నిజానికి గొట్టం పగలడం వేరు, ట్యాంకు పొర్లడం వేరు, స్లాబు ఊటెక్కడం వేరు, మురుగు వెనక్కి తన్నడం వేరు. నీరు ఏ రకానిదో తేలితేనే ఏ మరమ్మతు చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి, బీమా వర్తిస్తుందా అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

నాలుగు రకాల నీరు

మొదటిది, ఒత్తిడితో వచ్చే నీరు. ట్యాంకు నుంచి కుళాయిలకు నీరు తెచ్చే గొట్టాలు, వాటి అతుకులు, వాల్వుల నుంచి ఇది వస్తుంది. ట్యాంకులో నీరు ఉన్నంతసేపూ రాత్రీ పగలూ తేడా లేకుండా కారుతూనే ఉంటుంది. తేలుడు వాల్వు పాడై ట్యాంకు పొర్లడమూ ఈ కోవలోకే వస్తుంది.

రెండోది, వాడిన నీరు. పై అంతస్తులోని మరుగుదొడ్లు, వంటగది తొట్లు, నహానీ ట్రాప్‌ల కింద అతుకులు విడిపోతే ఇది దిగుతుంది. పైన వాడకం ఉన్నప్పుడు మాత్రమే కారి, సెలవు రోజున ఆగిపోవడం దీని లక్షణం.

మూడోది, వాన నీరు. డాబా పగుళ్లు, పిట్టగోడ మొదలు, గోడలోంచి గొట్టాలు బయటికి వెళ్లే రంధ్రాలు దీని దారులు. వాన పడిన కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో మరక కనిపిస్తుంది. స్లాబు నీటిని పీల్చుకుని నెమ్మదిగా వదలడమే ఈ ఆలస్యానికి కారణం.

నాలుగోది, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది: ఏసీ యంత్రాల నీరు. గాలిలోని తేమ చల్లని తీగచుట్టపై నీరుగా మారి సన్నని గొట్టం గుండా బయటికి పోవాలి. ఆ గొట్టంలో నాచు, దుమ్ము పేరుకుంటే నీరు లోపలికే పొర్లుతుంది. ఫాల్స్ సీలింగ్ ఉన్న కార్యాలయాల్లో పలకలపై మరక కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

వీటికి తోడు నేలమట్టానికి దగ్గరగా గోడలు చెమ్మెక్కడం, భారీ వర్షాల్లో సెల్లారులోకి మురుగు వెనక్కి రావడం కూడా ఉంటాయి. గోడ అడుగున సుమారు మీటరు ఎత్తు వరకే చెమ్మ ఉండి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది నేలలోంచి పైకి పాకుతున్న తేమ అని భావించవచ్చు.

మొదటి గంటలో

నీరు కనిపించిన వెంటనే దాన్ని తోడటం కాదు, విద్యుత్తు సంగతి చూడటం మొదటి పని. స్విచ్‌బోర్డులు, నేలమీది ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ఫాల్స్ సీలింగులోని లైట్లు తడిసి ఉంటే ఆ నీటిలో కాలు పెట్టరాదు. మెయిన్ స్విచ్ దగ్గరకు పొడి దారి ఉంటేనే దాన్ని ఆపాలి. లేకపోతే విద్యుత్తు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి సరఫరా నిలిపివేయించాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చిన చోట ప్రమాదం తగ్గుతుంది కానీ, అది ఉందన్న ధైర్యంతో తడి నేలపై పనిచేయడం మంచిది కాదు.

తరువాత వాల్వు కట్టేయాలి. ప్రతి దుకాణానికీ నీటిని ఆపే వాల్వు ఎక్కడుందో యజమానికే కాక కనీసం ఇద్దరు సిబ్బందికి తెలిసి ఉండాలి. చాలా భవనాల్లో ఒకే వాల్వు మీద నాలుగైదు దుకాణాలు ఆధారపడి ఉంటాయి, దాని తాళం కాపలాదారు దగ్గర ఉంటుంది. రాత్రివేళ అతను లేకపోతే నష్టం గంటల లెక్కన పెరుగుతుంది. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది కనుక నెలకోసారి మూసి తెరవడం అవసరం.

మూడో పని సాక్ష్యం. తుడవకముందే నీరు కారుతున్న చోటు, నేలపై మట్టం, తడిసిన సరుకు, పైకప్పు మరక కనిపించేలా ఫొటోలు, వీడియో తీయాలి. సమయం, ఆ సమయంలో ఉన్నవారి పేర్లు ఒక కాగితంపై రాసుకోవాలి. ఆ తరువాతే సరుకును ఎత్తుకు చేర్చడం, నీటిని తోడటం. ఫాల్స్ సీలింగ్ పలక నీటి బరువుకు ఉబ్బి ఉంటే దాని కింద ఎవరూ నిలబడకూడదు.

ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడం

నీరు కనిపించిన చోటే లోపం ఉంటుందని అనుకోవడం పొరపాటు. స్లాబు లోపల, కరెంటు గొట్టాల వెంట నీరు కొన్ని మీటర్ల దూరం ప్రయాణించి మరెక్కడో దిగుతుంది. అందుకే పగలగొట్టడానికి ముందు పరిశీలన కావాలి. మూడు నాలుగు రోజులు ఎప్పుడు కారిందో గంటల వారీగా రాసుకుంటే సగం జవాబు దొరికినట్లే. ఎడతెగకుండా కారితే సరఫరా గొట్టం, పనివేళల్లోనే అయితే పై అంతస్తు వాడకం, వాన తరువాతే అయితే డాబా లేదా గోడ, ఏసీ నడిచినప్పుడే అయితే దాని గొట్టం కారణమని ప్రాథమికంగా నిర్ణయించుకోవచ్చు.

మీటరు ఉన్నచోట పరీక్ష సులభం. కుళాయిలన్నీ కట్టేసి, మీటరు అంకె రాసుకుని, రెండు గంటల తరువాత మళ్లీ చూడాలి. అంకె కదిలితే ఎక్కడో నీరు పోతున్నట్లే. అయితే మన నగరాల్లో చాలా ప్రాంగణాలు బోరు, ట్యాంకరు, రోజులో కొద్దిసేపే వచ్చే నల్లా నీటి మీద నడుస్తాయి. వాటికి ట్యాంకే మీటరు. రాత్రి దుకాణం మూసేటప్పుడు సంపులో నీటి మట్టాన్ని కర్రతో కొలిచి గుర్తు పెట్టి, లోపలికి వచ్చే నీటిని ఆపి, ఉదయం మళ్లీ కొలవాలి. సంపు పొడవు 2 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర మీటర్లు అయితే మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గడం అంటే 30 లీటర్లు పోయినట్లు. రాత్రి మోటారు నడవకుండా సంపు మట్టం తగ్గితే లోపం సంపు గోడల్లోనో, దాని నుంచి వెళ్లే గొట్టంలోనో ఉంది. సంపు నిలకడగా ఉండి పై ట్యాంకు తగ్గితే లోపం భవనంలోని గొట్టాల్లో ఉంది.

మరుగుదొడ్డి ఫ్లష్ తొట్టిలో వంటకు వాడే రంగు కొన్ని చుక్కలు వేసి పావుగంట ఆగాలి. ఫ్లష్ చేయకుండానే కింద పళ్లెంలో రంగు కనిపిస్తే తొట్టి అడుగు బిరడా కారుతోందని అర్థం. చప్పుడు లేకుండా కారే ఈ నీరు బయటికి కనిపించదు కనుక నెలల తరబడి ఎవరి దృష్టికీ రాదు. డాబా విషయంలో వాన గొట్టాల మూతులు మూసి, ఒకటి రెండు అంగుళాల నీరు నిలిపి, కనీసం ఒక రోజు ఉంచి కింద చూస్తారు. స్లాబు ఆ బరువును మోయగలదో లేదో ఇంజనీరుతో నిర్ధారించుకోకుండా పాత భవనాల్లో ఈ పరీక్ష చేయించరాదు. గోడల్లో దాగిన గొట్టాలకు చేతిపంపుతో ఒత్తిడి పరీక్ష, తేమ మీటరు, థర్మల్ కెమెరా వంటి సాధనాలున్నాయి. వాటి అద్దె, అనవసరంగా పగలగొట్టిన టైల్స్ ఖర్చుకంటే సాధారణంగా తక్కువే.

మరమ్మతు: పైపూత కాదు, మూలం

లోపలి గోడకు వాటర్‌ప్రూఫ్ రంగు వేయడం అత్యంత సాధారణంగా జరిగే తప్పు. నీరు వచ్చే వైపు మూయకుండా బయటపడే వైపు మాత్రమే మూస్తే, అది లోపలే నిలిచి రంగును బుడగలుగా లేపుతుంది, లేదా పక్క నుంచి దారి వెతుక్కుంటుంది. స్లాబు లోపల నిలిచిన తేమ ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు చీలి పెచ్చులు ఊడతాయి. పెచ్చు ఊడి చువ్వలు బయటపడితే అది ప్లంబరు పని కాదు, నిర్మాణ ఇంజనీరు చూడాల్సిన విషయం.

గొట్టానికి ఎపాక్సీ ముద్ద అద్దడం, రబ్బరు పట్టీ చుట్టడం రాత్రి గడవడానికి మాత్రమే పనికొస్తాయి. తుప్పుపట్టిన పాత జీఐ గొట్టాన్ని ఒకచోట అతికితే మరోచోట పగులుతుంది. పూర్తిగా మార్చడమే చివరికి చవక. సీపీవీసీ గొట్టాలకు ఐఎస్ 15778, యూపీవీసీ నీటి గొట్టాలకు ఐఎస్ 4985 ప్రమాణాలు వర్తిస్తాయి. ఆ ముద్ర ఉన్న సరుకునే కొనాలి. అతుకు జిగురు ఆరడానికి తయారీదారు చెప్పిన సమయం ఇవ్వకుండా నీరు వదలడం వల్లనే కొత్త పనులు మళ్లీ కారుతుంటాయి. భవనాల జలనిరోధక పనుల రూపకల్పన, సన్నాహాలకు ఐఎస్ 3067 మార్గదర్శకంగా ఉంది. గుత్తేదారుతో రాసుకునే ఒప్పందంలో ఈ ప్రమాణాలను, హామీ కాలాన్ని, పని ముగిశాక చేయాల్సిన నీటి పరీక్షను పేర్కొనడం ఉపయోగకరం.

తడిసిన సరుకు, దస్త్రాలు, యంత్రాలు

తడి 24 నుంచి 48 గంటలు దాటి నిలిస్తే బూజు మొదలవుతుంది. అందుకే ఆరబెట్టడం కూడా మరమ్మతులో భాగమే. గాలి ఆడేలా తలుపులు తెరవాలి, ఫ్యాన్లు పెట్టాలి, తడిసిన తివాచీని, ప్లైవుడ్‌ను గోడ నుంచి వేరు చేయాలి.

తడిసిన ఖాతా పుస్తకాలను, దస్తావేజులను ఎండలో పరచకూడదు, ఇస్త్రీ చేయకూడదు. నీడలో, గాలిలో, పేజీల మధ్య పీల్చుకునే కాగితం పెట్టి ఆరనివ్వాలి. అన్నింటినీ ఒకేసారి ఆరబెట్టే చోటు లేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే బూజు పట్టకుండా కొంత వ్యవధి దొరుకుతుంది. తడిసిన కంప్యూటర్లు, బిల్లింగ్ యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని వెంటనే ప్లగ్ పెట్టడం వాటిని పూర్తిగా పాడుచేస్తుంది. ప్లగ్ తీసి, బ్యాటరీ విప్పి, సాంకేతిక నిపుణుడికి అప్పగించాలి.

మురుగు నీరు తగిలిన ఆహార పదార్థాలు, మందులు అమ్మకానికి పనికిరావు. ప్యాకెట్టు పైకి బాగానే ఉన్నట్లు కనిపించినా ఇందులో రాజీకి తావు లేదు.

ఖర్చు ఎవరిది?

అద్దె ప్రాంగణాల్లో తొలి ఆధారం అద్దె ఒప్పందం. నిర్మాణ లోపాల మరమ్మతు, ఉమ్మడి గొట్టాల నిర్వహణ, లోపలి అమరికల నిర్వహణ ఎవరివో అందులో రాసి ఉంటే అదే చెల్లుతుంది. ఒప్పందంలో గానీ స్థానిక ఆచారంలో గానీ వేరే ఏర్పాటు లేనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ వర్తిస్తుంది. చేయడానికి తాను బద్ధుడైన మరమ్మతును, నోటీసు అందిన తరువాత కూడా యజమాని సహేతుక సమయంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దె నుంచి మినహాయించుకోవచ్చని అందులో ఉంది. సహజమైన అరుగుదల మినహా ఆస్తిని తీసుకున్న స్థితిలోనే ఉంచడం, ఇతరుల ఆక్రమణ వంటివి తెలిసినప్పుడు యజమానికి తెలియజేయడం అద్దెదారు విధులు. తన చర్య వల్ల కలిగిన లోపాన్ని యజమాని నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో అద్దెదారే సరిచేయాలి. ఏ వైపు నుంచి చూసినా నోటీసే కీలకం. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు. స్పీడ్ పోస్టులో గానీ ఈమెయిల్‌లో గానీ తేదీ, ఫొటోలతో తెలియజేయాలి.

పై అంతస్తు నుంచి నీరు దిగినప్పుడు నిర్లక్ష్యం ఉందా అన్నదే ప్రధాన ప్రశ్న. దీనికి సంబంధించిన పాత తీర్పుల్లో ఒకటి తెలుగు నేలకు చెందినది. చిత్తూరు ప్రాంతంలోని కార్వేటినగరం జమీందారు చెరువులకు భారీ వర్షాలతో గండ్లు పడి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం వాటిల్లింది. నీరు కట్టలు దాటిందన్న కారణం ఒక్కటే చాలదని, చెరువుల నిర్వహణ జమీందారుకు సంక్రమించిన విధి అని, నిర్లక్ష్యం రుజువు కానప్పుడు ఆయన పరిహారం చెల్లించనక్కరలేదని ప్రివీ కౌన్సిల్ 1874లో తేల్చింది. నేటి దుకాణదారుకు ఇందులో ఉన్న పాఠం స్పష్టమే. ముందే లిఖితపూర్వకంగా హెచ్చరించినా పై అంతస్తువారు గొట్టం బాగుచేయించలేదని చూపగలిగితే వాదనకు బలం ఉంటుంది. తొలి లేఖే నష్టం జరిగాక రాసినదైతే ఆ బలం తగ్గుతుంది.

అనేక యజమానులున్న సముదాయాల్లో డాబా, బయటి గోడలు, ఉమ్మడి గొట్టాలు సంఘం బాధ్యతగా, లోపలి మరుగుదొడ్డి, తొట్టి లీకేజీలు ఆయా యజమానుల బాధ్యతగా విభజించడం పరిపాటి. మహారాష్ట్ర గృహ సహకార సంఘాల నమూనా ఉపనిబంధనల్లో ఈ విభజన స్పష్టంగా ఉంది. ఇతర రాష్ట్రాల వాణిజ్య సముదాయాలు కూడా తమ నిబంధనల్లో ఇటువంటి వాక్యం చేర్చుకుంటే తగవులు తగ్గుతాయి.

బీమా: పగలడం వేరు, ఊరడం వేరు

చిన్న వ్యాపారాల కోసం బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన రెండు ప్రామాణిక పాలసీలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఒకే ప్రదేశంలో బీమాకు అర్హమైన ఆస్తుల మొత్తం విలువ 5 కోట్ల రూపాయల లోపు ఉంటే ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’, 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు ఉంటే ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’. నీటి ట్యాంకులు, పరికరాలు, గొట్టాలు పగలడం లేదా పొర్లడం, అగ్నిమాపక స్ప్రింక్లర్ల నుంచి నీరు కారడం ఈ పాలసీల్లో వర్తించే ప్రమాదాల జాబితాలో ఉన్నాయి. తుపాను, వరద కూడా ఉన్నాయి. అగ్నిప్రమాద పాలసీ కదా, నీటికి వర్తించదని భావించి క్లెయిము చేయనివారు నష్టపోతున్నారు.

అయితే నెలల తరబడి గోడ ఊటెక్కి సరుకు పాడవడం హఠాత్తు ప్రమాదం కిందికి రాదు. అరుగుదల, నిర్వహణ లోపం వల్ల క్రమంగా జరిగిన నష్టానికి సాధారణంగా పరిహారం దక్కదు. కనుక క్లెయిము పత్రంలో ‘లీకేజీ’ అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, ఏ గొట్టం, ఎప్పుడు, ఎలా పగిలిందో ఉన్నదున్నట్లు వివరించాలి. విరిగిన గొట్టం ముక్కను, ప్లంబరు రసీదును భద్రపరచాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సర్వేయరు చూసేదాకా సరుకును కదపవద్దని బీమా పద్ధతి చెబుతుంది. వెంటనే ఆరబెట్టకపోతే బూజు పడుతుందని అనుభవం చెబుతుంది. నష్టం పెరగకుండా చూడటం కూడా పాలసీదారు విధే. అందువల్ల వెంటనే సంస్థకు తెలియజేసి, ఫొటోలు తీసి, వస్తువుల జాబితా రాసి, తడిసినదాన్ని మంచి సరుకు నుంచి వేరు చేసి ఆరబెట్టాలి. పాడైనదాన్ని మాత్రం సర్వేయరు చూసేవరకు పారేయకూడదు. కుళ్లిపోయే సరుకైతే తొలగించడానికి సంస్థ అనుమతిని ఈమెయిల్‌లో తీసుకోవాలి.

క్లెయిమును తిరస్కరిస్తే ముందుగా సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా సొంత యాజమాన్య సంస్థలు, సూక్ష్మ సంస్థలు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ప్రాంతాలకు ఈ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

పన్ను విషయం కూడా మరువరాదు. కేంద్ర జీఎస్టీ చట్టంలోని 17(5)(హెచ్) నిబంధన ప్రకారం నాశనమైన, ఖాతాల నుంచి తొలగించిన సరుకుపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ చెల్లదు. తీసుకున్న క్రెడిట్‌ను తిరిగి జమ చేయాలి. అంటే నష్టం సరుకు ధరతో ఆగదు. బీమా మొత్తం నిర్ణయించుకునేటప్పుడు, క్లెయిము లెక్క వేసేటప్పుడు దీన్ని పన్ను సలహాదారుతో చర్చించడం మేలు.

వృథా లెక్క

కారే గొట్టం కింద లీటరు సీసా పెట్టి అది ఎంతసేపటిలో నిండుతుందో చూస్తే వృథా ఎంతో తెలుస్తుంది. ఐదు నిమిషాల్లో నిండితే రోజుకు 288 లీటర్లు. కార్యాలయాల్లో ఒక్కొక్కరికి రోజుకు 45 లీటర్లు అవసరమని భారతీయ ప్రమాణాలు లెక్కిస్తాయి. అంటే ఆరుగురు ఉద్యోగుల నీరు ఆ ఒక్క గొట్టం దగ్గరే పోతోంది. ఏడాదికి అది లక్షా ఐదు వేల లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు 21.

ఈ వృథాను అధికార యంత్రాంగం తేలికగా తీసుకోవడం లేదు. నగర సరఫరాలో ఆదాయం రాని నీరు 20 శాతానికి మించరాదని కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2008లోనే ప్రమాణం పెట్టింది. తాగదగిన భూగర్భ జలాల వృథాను అరికట్టే ఏర్పాట్లు చేయాలని కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ 2020 అక్టోబరు 8న స్థానిక సంస్థలను ఆదేశించింది. 2024 మార్చి నాటి నీటి ఎద్దడిలో బెంగళూరు జలమండలి వాణిజ్య సంస్థల కుళాయిలకు ఏరేటర్లను తప్పనిసరి చేసింది. వీధి గొట్టం కారుతుంటే ప్రాంగణంవారు తవ్వకుండా స్థానిక జలమండలికి తెలియజేయాలి. హైదరాబాద్‌లో ఫిర్యాదుల నంబరు 155313.

ముందుజాగ్రత్త

వానలకు ముందు, అంటే మే నెలలో, డాబా ఊడ్పించి వాన గొట్టాల మూతులు శుభ్రం చేయించాలి. పిట్టగోడ మొదలు, ట్యాంకు దిమ్మెల చుట్టూ పగుళ్లు పూడ్పించాలి. గోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా తీయించాలి. వేసవి మొదట్లో ఏసీ గొట్టాలు ఊదించాలి. సెల్లారు మురుగు గొట్టానికి నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించాలి. నెలకోసారి రాత్రి ట్యాంకు మట్టం పరీక్ష చేసి ఫలితాన్ని ఒక పుస్తకంలో రాయాలి.

సరుకును నేలపై నేరుగా పెట్టకుండా చెక్క పలకలపై, గోడకు జానెడు దూరంలో పేర్చాలి. మరుగుదొడ్డి గొట్టాల కింద, ట్యాంకు కింద విలువైన సరుకు, సర్వర్లు, అసలు దస్తావేజులు ఉంచరాదు. కొత్త ప్రాంగణం అద్దెకు తీసుకునేవారు ఒక వాన తరువాత వెళ్లి చూడాలి. కొత్తగా వేసిన సున్నం పైకప్పులో ఒక మూలన మాత్రమే కనిపిస్తే, అక్కడ ఏముందని అడిగి జవాబును ఒప్పందంలో రాయించుకోవాలి.

ఆ నెలవారీ పుస్తకంలో ఒక్కో తేదీకి ఒక్కో వరస చాలు. యజమానికి పంపే నోటీసుకు, సర్వేయరు అడిగే ప్రశ్నకు, పై అంతస్తువారితో జరిగే మాటకు ఆ పుస్తకమే ఆధారంగా నిలుస్తుంది.